కారప్పొడి డబ్బాలో వియన్నా

ఎనభైల మధ్యలో అమెరికాలోని మా అరోరా ఊరి తెలుగువాళ్ళలో ఎవరి వంటింటికి వెళ్ళినా ఒకే రకం డబ్బాలు కనిపించేవి. ఆవాలు, మెంతులు, ఇంగువ, యాలకులు, చివరికి పిన్నీసులు కూడా నల్లటి ప్లాస్టిక్ ఫిల్ము డబ్బాల్లోనే ఉండేవి. బూడిదరంగు మూత టప్‌మని పడిందంటే చీమ కూడా దూరేది కాదు. ఆ డబ్బాలన్నీ నా చేతిమీదుగా వెళ్ళినవే. ఊళ్ళోని మాల్‌లో, గంటలో ఫొటోలు కడిగిచ్చే దుకాణంలో నేను పనిచేసేదాన్ని. జనం ఫిల్ము రీలుని డబ్బాతో సహా ఇచ్చిపోయేవారు. రీలు మిషన్‌లోకి వెళ్ళేది, డబ్బా చెత్తబుట్టలోకి. అన్ని మంచి డబ్బాలు అలా చెత్తలోకి పోవడం చూసి మొదటి వారం నాకు నిద్రపట్టలేదు. రెండోవారం నుంచి ఓ సంచి పెట్టుకున్నాను.

మా కుటుంబాలు పదో పన్నెండో ఉండేవి. గుంటూరు నుంచి కాకినాడ దాకా తలా ఒక ఊరివాళ్ళం. అమెరికన్ల ఆరాధన అయిపోయాక ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వాళ్ళ చర్చి హాలు మాకిచ్చేవారు. పాటలూ ప్రసంగమూ అయ్యాక నేను సంచి విప్పేదాన్ని. మూతల మీద తెల్ల టేపు అంటించి పేర్లు కూడా నేనే రాసిచ్చేదాన్ని. నా దస్తూరీ గుండ్రంగా, చదువుకునేలా ఉంటుందని అందరికీ నమ్మకం. పాస్టరుగారి వాక్యం కంటే నా డబ్బాలే ఎక్కువ ఇళ్ళకి చేరాయని మా ఆయన వేళాకోళం.

ఫొటోలు తీసేదాన్ని కూడా నేనే. బాప్తిస్మాలు, పుట్టినరోజులు, క్రిస్మస్ నాటకాలు, అన్నీ. మా సంఘం ఆల్బమ్‌లు తిరగేస్తే నేను అమెరికాకే రాలేదేమో అనిపిస్తుంది. ఏ ఫొటోలోనూ ఉండను.

ఆ రోజుల్లో దుకాణం కౌంటర్ మీద ట్రావెల్ ఏజెన్సీవాళ్ళు కాగితాలు పెట్టిపోయేవారు. అందులో ఒకటి నన్ను పట్టుకుంది. వియన్నాలో మూడు రోజులు, శుక్రవారం నుంచి ఆదివారం దాకా. పొద్దున్న పాత భవనాలు, మధ్యాహ్నం భోజనాలు, రెండింటినీ ఫొటోలు తీయడం నేర్పడానికి వెంట ఒక ఫొటోగ్రాఫరు. అట్టమీద ఆకుపచ్చ గోపురం ఉన్న పెద్ద చర్చి, దానికి అటూ ఇటూ రెండు స్తంభాలు. దాన్ని తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించాను. పద్నాలుగు నెలలపాటు, పాల కోసం వెళ్ళిన ప్రతిసారీ వియన్నాకి వెళ్ళి వచ్చేదాన్ని.

"వియన్నాకి వెళ్దామాండీ?" అని ఒకసారి మా ఆయన్ని అడిగాను.

"వియన్నా గురించి విన్నా. నీ దగ్గర్నుంచే రోజూ వింటున్నా. చాలదా?" అన్నాడాయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆయన తప్పేమీ లేదు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు, ఇద్దరి సెలవులూ వాళ్ళ జలుబులకే అయిపోయేవి. ఫిల్ము ఎంత తక్కువ వెలుతురులో పనిచేస్తుందో చెప్పే అంకెని అప్పట్లో ఆసా అనేవాళ్ళు. నూరు ఆసా ఫిల్ముకి బోలెడు ఎండ కావాలి, నాలుగొందలదానికి దీపం చాలు. నా ఆశ నాలుగొందలది, ఆ ఫ్రిజ్ వెలుతురే చాలు దానికి.

ఇక వదిన సంగతి. ఆవిడ నాకు ఏ వరసనా వదిన కాదు. ఇద్దరం ఒకే ఏడు అరోరాకి వచ్చాం. ఒకే అపార్ట్‌మెంట్లలో ఎదురెదురు తలుపులు. మొదటిరోజు ఆవిడ నన్ను వదినా అంది, నేనూ వదినా అన్నాను. ఇద్దరమూ వదినలమే అయితే మరదలెవరో ఇప్పటికీ తేలలేదు. ఓ ఆగస్టు సాయంత్రం పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. ఫ్రిజ్ తెరవబోయి ఆగింది.

"వదినా, ఇది వియన్నానా?"

"ఆఁ. ఊరికే పెట్టా."

"మా ఆయన్ని అక్టోబర్లో ఆఫీస్ వాళ్ళు వియన్నాకే పంపుతున్నారు! వారం మీటింగులంట. భార్యని కూడా తెచ్చుకోవచ్చంట. ఈయన మీటింగుల్లో ఉంటే నేను హోటల్లో గోడలు చూస్తూ ఏం చేయనా అనుకుంటున్నా. ఇది కాస్త ఇస్తావా? నంబర్ చూసుకుని ఇచ్చేస్తా."

"తీసుకో వదినా, దానికేం," అన్నాను.

ఆ 'దానికేం' అనేటప్పుడు నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినిపించింది. ఆవిడ ఫ్రిజ్ లోపలున్న పెరుగూ, ఫ్రిజ్ మీదున్న వియన్నా రెండూ పట్టుకెళ్ళింది. పొరుగువాళ్ళది ఏదీ ఆశించకూడదన్న పదో ఆజ్ఞ నాకు సండే స్కూల్లోనే కంఠతా వచ్చు. వచ్చిన ముక్కకీ వచ్చిన కోపానికీ సంబంధం ఉండదని ఆరోజే తెలిసింది.

అంతటితో అయిపోలేదు. ఆవిడకి అప్పటిదాకా కెమెరా అంటే ఎటువైపు చూసి నవ్వాలో తప్ప ఏమీ తెలియదు. నేర్పమని నా దగ్గరికే వచ్చింది. వాళ్ళాయన కొత్త కెమెరా కొనిచ్చాడు. రెండు నెలలు, వారానికి మూడు సాయంత్రాలు, మా డైనింగ్ టేబుల్ దగ్గర పాఠాలు చెప్పాను. వెలుతురు గిన్నెలో పట్టే నీళ్ళలాంటిదనీ, పంపు ఎంత తిప్పితే అంత త్వరగా నిండుతుందనీ చెప్పాను. ఆవిడ చక్కగా పట్టేసింది. మందబుద్ధి అయి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

చివర్లో, "భవనాలకి నీ కెమెరాకున్న లెన్సు చాలదు, వెడల్పుగా పట్టేది కావాలి," అని నా నోటితో నేనే అన్నాను. అని ఊరుకోవచ్చుగా. బీరువాలోంచి నా వెడల్పు లెన్సు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. నాకున్న ఒక్కగానొక్క మంచి వస్తువు అది. నేను వెళ్ళలేదు గానీ నా కన్ను వెళ్ళింది, వీసా లేకుండా.

బయల్దేరే ముందురోజు మళ్ళీ వచ్చింది. "అక్కడ తిండి చప్పగా ఉంటుందంట వదినా. నీ డబ్బాలు కొన్ని ఇస్తే కారప్పొడి పట్టుకెళ్తా." ఆరు డబ్బాలిచ్చాను. ఆరు మూతల మీదా 'కారప్పొడి' అని గుండ్రంగా రాశాను. ఆవిడ పొడి నింపుకుని, పన్నెండు ఫిల్ము రీళ్ళతో కలిపి ఒకే సంచిలో వేసుకుంది. రీళ్ళ డబ్బాలకి రాతలేమీ లేవు. డబ్బాలు మాత్రం అన్నీ ఒక్కలాంటివే.

ఆ వారం నేనెలా ఉన్నానో మా పిల్లల్ని అడగాలి. అక్కడికీ ఇక్కడికీ ఏడు గంటల తేడా. నేను పొద్దున్నే వాళ్ళకి లంచ్ బాక్సులు కడుతుంటే ఆవిడ ఏ పాలరాతి బల్ల ముందో కూర్చుని ఉంటుందని లెక్కవేసేదాన్ని. ఆ శనివారం దుకాణంలో నేను కడిగిన ఫొటోలన్నీ గుమ్మడికాయలే. అక్టోబర్ కదా, ఊరు ఊరంతా పిల్లల్ని గుమ్మడి తోటలకి తీసుకెళ్ళి, ఒక్కో గుమ్మడికాయ పక్కన ఒక్కో పిల్లని కూర్చోబెట్టి తీసేది. వియన్నాలో వాన పడాలని ప్రార్థించానని అనను. వాతావరణాన్ని దేవుడి చిత్తానికే వదిలేశాను. ఆ చిత్తం కాస్త మబ్బుగా ఉంటే బాగుండునని మాత్రం అనుకున్నాను. కారప్పొడి తింటున్నది ఆవిడ, కడుపుమంట నాకు.

మరుసటి వారం వదిన నేరుగా దుకాణానికే వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది గానీ ముఖం వెలిగిపోతోంది. పన్నెండు డబ్బాలు కౌంటర్ మీద వరసగా నిలబెట్టింది.

"వదినా, పన్నెండోది జాగ్రత్త. ఆదివారం మధ్యాహ్నంది. మాకు నేర్పినాయన పెద్దాయన, మూడు రోజులూ నా కెమెరాలోంచి చూసి 'ఊఁ' అని వెళ్ళిపోయేవాడు. ఆదివారం కాఫీ హోటల్లో ఒకటి తీస్తుంటే మాత్రం, చూసి చాలాసేపు ఊరుకుని, 'ఇది నీది' అన్నాడు."

"ఏం తీశావు?"

"చెప్తే ఏముంది? చూడు నువ్వే."

మా మేనేజరు, పక్క ఊరి రైతుల ఇంటి పెద్దావిడ, సాయానికని పన్నెండో డబ్బా తనే తీసుకుని మూత లాగింది. లాగీ లాగగానే తుమ్మడం మొదలుపెట్టింది. ఆపకుండా తుమ్మింది. కౌంటరంతా ఎర్రగా అయింది. డబ్బాలో ఫిల్ము లేదు. కారప్పొడి ఉంది.

వదిన ముఖం చూడలేకపోయాను. సంచి మొత్తం బోర్లించింది. కోటు జేబులు వెతికింది. "ఖాళీ అయిన కారప్పొడి డబ్బాలు హోటల్ గదిలో చెత్తబుట్టలో పడేశా వదినా. వాటితోపాటే పోయుంటుంది. నా చేత్తో నేనే పడేసుంటా," అంటూ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది.

"అయ్యో వదినా," అన్నాను. నోరు అయ్యో అంటుంటే లోపల ఎవరో మెల్లగా చప్పట్లు కొట్టారు. ఆ ఎవరో ఎవరని వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.

మిగతా పదకొండు రీళ్ళూ నేనే కడిగాను. మా మిషన్‌కి మీటలుండేవి. నెగటివు చూసి, ఏ రంగు ఎంత వేయాలో, ఎంత వెలుతురివ్వాలో మేమే అంచనా వేసి నొక్కాలి. నీలం మీట రెండుసార్లు ఎక్కువ నొక్కితే ఏ రాజభవనమైనా ఆసుపత్రిలా వస్తుంది. నేను నొక్కలేదు. నా మంచితనం అనుకోకండి, మేనేజరు నా భుజం మీదుగానే చూస్తూ నిలబడింది. ఫొటోలు బాగానే వచ్చాయి. ఇంకో పెద్ద చర్చి రంగు పలకల కప్పు, గుర్రపు బళ్ళు, చాక్లెట్ కేకు. శుభ్రంగా, నిటారుగా, నేను నేర్పినట్టే ఉన్నాయి.

"అన్నీ పోస్ట్‌కార్డులే వదినా," అంది వదిన, కట్ట మొత్తం చూసి. "ఎవరైనా తీస్తారు ఇవి. అదొక్కటీ ఉంటే లైబ్రరీకి ఇద్దామనుకున్నా."

ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఏటా నవంబరులో స్థానికుల ఫొటోల ప్రదర్శన పెట్టేవారు. మనిషికి ఒకటే ఫొటో. మూడేళ్ళుగా అక్కడ గోడమీద నా ఫొటో ఉండేది. మొదటి ఏడు మంచులో ఎర్రటి ధాన్యపు కొట్టం. రెండో ఏడు అదే కొట్టం, మంచు లేకుండా. మూడో ఏడు మళ్ళీ మంచుతో, ఇంకో పక్కనుంచి. ఆ గోడమీద తెలుగు పేరు నాదొక్కటే. ఈ ఏడాది రెండోది వస్తుందేమోనన్న భయం, ఆ కారప్పొడి కౌంటర్ మీద ఒలికినప్పుడే తీరిపోయింది. నేను నాలుగో కొట్టం వెతుక్కోవడానికి బయల్దేరాను.

నవంబరు మొదటి ఆదివారం ఆరాధన తర్వాత అందరినీ వదిన ఇంటికి టిఫిన్లకి పిలిచింది, వియన్నా ఫొటోలు చూపించడానికి. సాయం చేద్దామని నేను ముందే వెళ్ళాను. ఆవిడ ఇడ్లీ రేకులు దింపుతోంది.

"వదినా, కారప్పొడి ఎక్కడుంది?"

"కింది డ్రాయర్లో, బాగా వెనకాల. వియన్నాలో మిగిలినవి రెండు అలాగే పడేశా. వచ్చిన దగ్గర్నుంచీ వాటి మొహం చూడబుద్ధి కాలేదు."

వెనకాల రెండు డబ్బాలున్నాయి. రెండు మూతలమీదా నా దస్తూరీ. మొదటిది గిన్నెలోకి వంచాను. రెండోది వంచితే పొడి రాలేదు. ఠక్కున ఒక రీలు పడింది.

గిన్నెలోంచి తీసి దులిపాను. వాడని ఫిల్ముకి కొస ముక్క నాలుకలా బయటికి ఉంటుంది. దీని నాలుక లోపలికి పోయి ఉంది. చెప్పాల్సింది చెప్పేసిన ఫిల్ము అన్నమాట. సంగతి అప్పుడు వెలిగింది. కాఫీ హోటల్లో రెండు డబ్బాలూ బల్లమీద తెరిచి ఉంటే, హడావుడిలో మూతలు మారిపోయాయి. రాతలేని మూత కారప్పొడికి వెళ్ళింది, నా రాత ఉన్నది ఫిల్ముకి. ఊపి చూసినా తెలిసేది. ఆవిడ ఊపలేదు. మూతమీద నేను రాసింది చదువుకుని నమ్మింది.

"దొరికిందా వదినా?" అని అడిగింది స్టవ్ దగ్గర్నుంచి, వెనక్కి తిరగకుండా. కారప్పొడి గురించే.

"ఆఁ, దొరికింది," అన్నాను. రీలు నా కార్డిగన్ జేబులో వేసుకున్నాను. నేను అబద్ధం ఆడలేదు. నా నాలుక కూడా లోపలికి పోయింది, అంతే.

ఆ సాయంత్రం హాల్లో పదకొండు రీళ్ళ వియన్నా చేతులు మారింది. పెద్దవాళ్ళు సోఫాల్లో, పిల్లలు కార్పెట్ మీద. ఒకాయన, "చర్చిలు ఇంత పెద్దవి కట్టుకుని మనకేమో హాలు అద్దెకిస్తారు," అన్నాడు. వదిన అందరికీ పన్నెండో రీలు కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆ ముసలి ఫొటోగ్రాఫరు ఇంకాస్త ఎక్కువసేపు ఊరుకుంటున్నాడు. చివర్లో ఆవిడ నన్ను చూపించి, "ఇదంతా వదిన నేర్పిందేనండీ. లెన్సు కూడా ఆవిడదే," అంది. అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను ఒక చేత్తో ఇడ్లీ ప్లేటూ, ఇంకో చేత్తో జేబూ పట్టుకుని నిలబడ్డాను.

లైబ్రరీకి ఫొటోలివ్వడానికి గడువు ఆ శనివారం. సోమవారం చెప్పేద్దామనుకున్నాను. మంచి సమయం దొరకలేదు. ఎదురు తలుపు వరకు నడవడానికి మంచి సమయం కావాలన్నది ఎవరూ నమ్మరని తెలుసు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

"జేబులో ఏవుంది? మాటిమాటికీ తడుముకుంటున్నావ్," అన్నాడు మా ఆయన.

"విక్స్ డబ్బా."

"వాసన రావట్లేదే."

"మీకు జలుబు, అందుకే."

మంగళవారం వదినే వచ్చింది, చేతిలో నా లెన్సుతో. "తీసుకో వదినా. ఇంక నాకెందుకు? ఏదో మూడు రోజులు సరదా పడ్డా. కెమెరా కూడా మావారికే ఇచ్చేస్తా, ఆఫీసులో పనికొస్తుందంట."

నాకు కావలసింది సరిగ్గా అదే. లెన్సు నాది నాకొస్తుంది, గోడ నాది నాకుంటుంది. చేయి చాచితే చాలు. "తొందరేం లేదులే, ఉండనీ," అని తలుపు దగ్గరే పంపేశాను. ఎందుకన్నానో తెలియదు. జేబులో రీలుండగా, చేతిలోకి లెన్సు తీసుకోవడానికి మొహం చెల్లలేదేమో.

బుధవారం దుకాణం తెరవడానికి గంట ముందే వెళ్ళాను. ఒకసారి చూస్తే తేలిపోతుంది అనుకున్నాను. ఏ కేకు ముక్కో, మసక కిటికీనో అయ్యుంటుంది. ముసలాయన జాలిపడి ఏదో అనుంటాడు. అలాంటిదైతే వెంటనే తీసుకెళ్ళి ఇచ్చేద్దాం, పెద్దమనసుతో. నా పెద్దమనసు ఆ ఫొటో చిన్నదవడం మీద ఆధారపడి ఉంది.

నెగటివులు బయటికొచ్చాయి. దీపపు పెట్టె మీద పరిచాను. మార్కెట్టు, క్యాబేజీలు, సాసేజీలు, మళ్ళీ మార్కెట్టు. దాదాపు చివర్న ఒకటి. నెగటివులో రంగులు తల్లకిందులుగా ఉంటాయి, ఏళ్ళ అలవాటుతో నేను తిరగేసి చదువుకోగలను. కానీ ఇందులో మధ్యన నీలమూ ఆకుపచ్చా కాని ఒక చార ఉంది, అదేమిటో అంతుపట్టలేదు. మిషన్‌లో పెట్టి ప్రింటు తీశాను.

గుండ్రని పాలరాతి బల్ల. తెల్ల పళ్ళెంలో, అంచులు దాటి వేలాడేంత పెద్ద వేపుడు మాంసం, లేత గోధుమరంగులో. దానిమీద ఇటు నుంచి అటు వేలెడు వెడల్పున ఎర్రటి కారప్పొడి. నెగటివులో అంతుపట్టని చార అదే. పళ్ళెం పక్కన నల్లటి ఫిల్ము డబ్బా నిటారుగా, దాని పాదాల దగ్గర మూత, మూతమీద నా గుండ్రటి అక్షరాలు: కారప్పొడి. నల్ల కోటు తొడుక్కున్న వెయిటరు వంగి, ముక్కు ఎగబీలుస్తూ, ఇదేమిటన్నట్టు చూస్తున్నాడు. అతని వెనక పెద్ద కిటికీ. కిటికీలో, నా వెడల్పు లెన్సు పుణ్యమా అని పూర్తిగా, నా ఫ్రిజ్ మీది ఆకుపచ్చ గోపురం. గోపురమూ డబ్బా పక్కపక్కన, ఒకే ఎత్తులో, రెండు టవర్లలా నిలబడ్డాయి.

చాలాసేపు అలాగే చూశాను. మునుపటి కంటే ఎక్కువ కుళ్ళుకున్నాను. ఆవిడ వియన్నా వెళ్ళినందుకు కాదు. నేను వెళ్ళి ఉన్నా ఈ ఫొటో తీసేదాన్ని కాదు. వెయిటరు రాగానే డబ్బా చటుక్కున సంచిలో దాచేసుకుని, చప్పటి మాంసం నవ్వుతూ నమిలి, బయటికెళ్ళి గోపురం ఒక్కదాన్నీ నిటారుగా, శుభ్రంగా తీసుకునొచ్చేదాన్ని. మంచు లేని కొట్టంలాగా. రెండు నెలలు నేను నేర్పిన దాంట్లో ఇది లేదు.

కడిగిన నెగటివుల్ని నాలుగేసి చొప్పున కత్తిరించి కవర్లలో పెట్టడం మా పద్ధతి. బ్లేడు బల్లకే బిగించి ఉంటుంది, పైనుంచి నొక్కడమే. రెండు ఫొటోల మధ్య సన్నటి ఖాళీ మీద పడాలి దెబ్బ. ఒక్క గింజంత పక్కకి జరిగితే ఫొటో రెండు ముక్కలవుతుంది. అలాంటివి ఏ దుకాణంలోనైనా అప్పుడప్పుడు జరుగుతాయి, కస్టమర్‌కి క్షమాపణ చెప్పి ఒక రీలు ఊరికే ఇస్తారు. ఫిల్ముని బ్లేడు కింద పెట్టాను. కొద్దిగా జరిపాను. మళ్ళీ వెనక్కి జరిపాను. గింజంత జరిగితే బ్లేడు సరిగ్గా మూతమీద పడుతుంది. 'కార' ఒకవైపు, 'ప్పొడి' ఒకవైపు. నా దస్తూరీని నేనే కోసుకోవడం ఇష్టం లేకపోయింది. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉండి ఉంటే బాగుండేది. బ్లేడు ఖాళీలోనే నొక్కాను.

ఆ తర్వాత పెద్ద సైజు ప్రింటు తీశాను. మొదటిదానిలో కారం గోధుమరంగులోకి తిరిగింది. రెండోదానిలో గోపురం పాలిపోయింది. ఎరుపు ఎర్రగా, ఆకుపచ్చ ఆకుపచ్చగా రావడానికి ఏడు ప్రింట్లు పట్టింది. అప్పుడే వచ్చిన మేనేజరు ఆ ఏడో ప్రింటు చూసి, "నన్ను తుమ్మించింది ఇదేనా?" అని అడిగింది.

గురువారం సాయంత్రం ఎదురు తలుపు కొట్టాను. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కవరు ఇచ్చాను. తీసి చూసింది. నిలబడ్డదల్లా బూట్లు విప్పుకునే బల్లమీద కూర్చుంది.

"ఎక్కడ దొరికింది వదినా?"

"మీ డ్రాయర్లో. మూతలు మారిపోయాయి."

"ఎప్పుడు?"

మధ్యాహ్నమంతా ఈ ప్రశ్నకి రకరకాల జవాబులు కూర్చుకుని ఉంచుకున్నాను. ఒక్కటీ రాలేదు. "ఆదివారం. ఇడ్లీలప్పుడు."

ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టింది. "నాలుగు రోజులు."

"ఆఁ."

"అందరి ముందూ నేను ఏడుస్తూ చెప్తుంటే నీ జేబులో ఉందా?"

"కార్డిగన్ జేబులో."

"ఎందుకు వదినా?"

"కుళ్ళు," అన్నాను. "నువ్వు నా ఫ్రిజ్ మీదనుంచి ఆ కాగితం తీసుకెళ్ళిన దగ్గర్నుంచీ."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, కూర్చోవాలో వెళ్ళాలో తెలియక. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి నా చేతిలో ఒక మడత కాగితం పెట్టింది. ఆకుపచ్చ గోపురం. మడతల దగ్గర చిరిగింది, ఒక మూల కాఫీ మరక.

"నంబర్ చూసుకుని ఇచ్చేస్తానన్నా కదా. మర్చిపోయా. ఇదిగో," అంది. "లెన్సు మాత్రం ఇవ్వను. అది నా దగ్గరే ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"చూద్దాం. నీ జేబులోంచి తీయడానికి నీకు నాలుగు రోజులు పట్టిందిగా, నాకెంత పడుతుందో."

నవ్వుతూ అందో కోపంగా అందో ఆ చీకటి గుమ్మంలో సరిగ్గా తెలియలేదు. అడిగేంత మొహం నాకు లేదు.

శనివారం ఇద్దరమూ ఒకే కారులో లైబ్రరీకి వెళ్ళి ఫొటోలిచ్చాం, పెద్దగా మాట్లాడుకోకుండా. వదినది ముందు గదిలో, తలుపు ఎదురుగా పెట్టారు. నా నాలుగో కొట్టాన్ని నీళ్ళు తాగే పంపు పక్కన. దాహమైన వాళ్ళందరూ చూశారు. వదిన ఫొటో ముందు మాత్రం ఎప్పుడూ నలుగురు నిలబడి ఉండేవారు. ఆ ఎర్రటిదేమిటి, ఆ మూతమీద ఆ చుట్టలేమిటి అని అడిగేవారు. ఒకసారి నేనక్కడ ఉండగా ఎవరో అడిగితే, వదిన నన్ను భుజం పట్టుకుని ముందుకు లాగి, "ఈవిడ రాత అది," అని ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళు నన్నూ మూతనీ మార్చి మార్చి చూశారు.

కాగితాన్ని మళ్ళీ ఫ్రిజ్ మీద అంటించాను. మా ఆయన చూసి, "వియన్నా తిరిగొచ్చిందే!" అన్నాడు. లెన్సు ఇప్పటికీ వదిన దగ్గరే ఉంది. నేను అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు.

మరుసటి ఆదివారం నేను సంచి విప్పగానే వరసలో అందరికంటే ముందు నిలబడింది.

"ఆరు డబ్బాలియ్యి వదినా. ఈసారి మూతల మీదే కాదు, డబ్బాల మీద కూడా రాయి."

రాసిచ్చాను. ఆవిడ ఒక్కోటీ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, సంచిలో వేసుకుంది.